ఇంజిన్ కేసు బీడా, అల్యూమినియమా, మెగ్నీషియమా? వెల్డింగ్‌కి ఇచ్చే ముందే తేల్చుకోండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పాత బండ్లు బాగుచేయించుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: "కేసు పగిలింది. వెల్డింగ్‌కి ఇవ్వొచ్చా? ఇది అల్యూమినియమేనా?" దానితోపాటు ఒక ఫోటో పంపుతారు. ఫోటో చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు. జిడ్డు పట్టిన అల్యూమినియం, మాసిన మెగ్నీషియం, సిల్వర్ పెయింట్ కొట్టిన బీడు (పోత ఇనుము) ఫోటోలో ఒకేలా ఉంటాయి. చేతిలో పట్టుకున్నా చాలాసార్లు అంతే.

తేల్చుకోకుండా పని మొదలుపెడితే నష్టం పెద్దది. బీడుకి మామూలు రాడ్డు వేస్తే చల్లారేటప్పుడు పక్కన కొత్త పగులు వస్తుంది. అల్యూమినియాన్ని కాస్టిక్ తొట్టిలో ముంచితే గుంటలు పడిపోతుంది. మెగ్నీషియానికి గ్యాస్ మంట పెడితే ముక్కే అంటుకోవచ్చు. అందుకే "బాబూ, ఇది సత్తే (అల్యూమినియమే), గ్యాస్ పెట్టేద్దామా?" అని మెకానిక్ అడిగితే ఒక్క అరగంట ఆగమనండి. కింద చెప్పిన పరీక్షలు మీ పెరట్లోనే అయిపోతాయి.

ముందు మీ బండిలో ఏది ఉండొచ్చో చూసుకోండి

ఇది అంచనా మాత్రమే. పాత బండిలో ఎప్పుడు ఎవరు ఏ ఇంజిన్ మార్చారో తెలియదు కాబట్టి పరీక్ష మానకండి.

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో బ్లాకూ బీడే, హెడ్డూ బీడే. ప్రీమియర్ పద్మిని బ్లాకు బీడు, హెడ్డు అల్యూమినియం. కొరాపుట్ ఘాట్లలో తిరిగిన పాత విల్లీస్ తరహా జీపుల బ్లాకు బీడు. బుల్లెట్, జావా, యెజ్డి, లాంబ్రెటా, చేతక్ ఇంజిన్ల క్రాంక్ కేసులు అల్యూమినియం. పాత బుల్లెట్‌లో సిలిండర్ బ్యారెల్ మాత్రం బీడు.

మెగ్నీషియం ప్రశ్న ఎక్కువగా వచ్చేది వోక్స్‌వాగన్ బీటిల్ దగ్గర. మన వైపు ఆ బండ్లు తక్కువే. ఉన్నవాళ్లకి మాత్రం ఇది చాలా ముఖ్యం. కంపెనీ నుంచి వచ్చిన బీటిల్ క్రాంక్ కేసు మెగ్నీషియం మిశ్రమం, సిలిండర్లు బీడు, హెడ్లు అల్యూమినియం. తర్వాత బయటి తయారీదారులు అదే ఆకారంలో అల్యూమినియం కేసులు కూడా చేశారు. వోక్స్‌వాగన్ వాళ్లదే టైప్ 4 అనే ఇంకో ఇంజిన్ కేసు అల్యూమినియం. పోర్షే 911లో 1968 నుంచి 1970ల మధ్య దాకా ఎక్కువ మోడళ్లకి మెగ్నీషియం కేసు వాడి, తర్వాత మళ్లీ అల్యూమినియానికి మారారు. అంటే బండి పేరు తెలిసినంత మాత్రాన లోహం తెలిసినట్టు కాదు.

కావలసినవి

- స్పీకర్ అయస్కాంతం. పాత రేడియో రిపేరు కొట్టులో దొరుకుతుంది.
- సన్నని ఆకురాయి, ఎమరీ పేపరు.
- డీజిల్, గుడ్డ, చివరి తుడుపుకి థిన్నర్.
- నూడుల్స్ బండి వాళ్లు వాడే తెల్ల వెనిగర్. లేకపోతే నిమ్మరసం.
- కాస్టిక్ సోడా ఒక చిటికెడు, ప్లాస్టిక్ గిన్నె, ప్లాస్టిక్ స్పూను.
- రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు. కాస్టిక్ దగ్గర ఇవి లేకుండా కూర్చోవద్దు.
- వేలాడదీసే డిజిటల్ కాటా, నైలాన్ తాడు, ముక్క మునిగేంత బకెట్టో డ్రమ్మో.
- తినే సోడా, మంచినీళ్లు.
- పోల్చుకోవడానికి తెలిసిన ముక్కలు: పాత పిస్టన్ (అల్యూమినియం), పాత బ్రేక్ డ్రమ్ము (బీడు), గీజర్ రిపేరు వాళ్లు తీసి పారేసిన మెగ్నీషియం రాడ్డు.

ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. వదలకండి. వెనిగర్ వేస్తే మెగ్నీషియం ఎలా పొంగుతుందో ఒకసారి కళ్లారా చూశాక మీ కేసు మీద ఇక అనుమానం ఉండదు. రాడ్డు తెచ్చుకునేటప్పుడు మెగ్నీషియందే అని అడిగి తీసుకోండి. కొన్ని గీజర్లలో అల్యూమినియం రాడ్డు కూడా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క నియమం

పరీక్షల వరస మార్చకండి. గ్రైండర్ చివర్లో, అది కూడా మెగ్నీషియం కాదని తేలాకే. మెగ్నీషియం మందపాటి ముక్క తేలిగ్గా అంటుకోదు. దాని రజను, సన్నని చెక్కులు మాత్రం నిప్పురవ్వ తగిలితే చాలు అంటుకుంటాయి.

1. దాచిన చోటు ఎంచుకోండి

కేసు లోపలి పక్క, ఆయిల్ చాంబర్ అంచు కింద, కనబడని మందపాటి పోత భాగం మంచిది. గాస్కెట్ కూర్చునే ముఖం, బేరింగ్ కూర్చునే గాడి, బోల్టు మరల దగ్గర పరీక్ష చేయొద్దు. ముందు డీజిల్‌తో జిడ్డు కడిగి, ఆరాక థిన్నర్‌తో తుడవండి. తర్వాత రూపాయి బిళ్ల అంత చోటు ఎమరీతో రుద్ది లోపలి మెరిసే లోహం దాకా తీయండి. పాత మెగ్నీషియం కేసుల మీద గోధుమ, పసుపు రంగు రసాయన పూత ఉండొచ్చు. అది పోయేదాకా రుద్దాలి.

రాలిన రజనుని ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, గుడ్డని షెడ్డు బయట పెట్టండి. దగ్గర్లో బీడీ, వెల్డింగ్, గ్రైండింగ్ ఏదీ జరగకూడదు.

2. పోత గుర్తులు చదవండి

తుడిచాక కేసు లోపలా బయటా ఉబ్బెత్తు అక్షరాలు కనిపించొచ్చు. ఏఎస్41, ఏఎస్21, ఏజెడ్91 లాంటివి ఉంటే మెగ్నీషియం. బీటిల్ కేసుల మీద కనిపించేవి మొదటి రెండూ. ఎల్‌ఎం అక్షరాల తర్వాత అంకె ఉంటే బ్రిటిష్ పద్ధతి అల్యూమినియం. జర్మన్ పోతల మీద ఏఎల్‌ఎస్‌ఐ అక్షరాలుంటే అల్యూమినియం సిలికాన్ మిశ్రమం.

ఇంజిన్ నంబరు, పార్టు నంబరు, పోత తేదీ వేరే సంగతి. వాటిలో లోహం పేరు వెతకొద్దు. గుర్తు దొరికినా మిగతా పరీక్షలు చేయండి, దొరక్కపోయినా చేయండి.

3. అయస్కాంతం

మందపాటి పోత భాగం మీద పెట్టండి. గట్టిగా అతుక్కుంటే బీడు, లేదా ఉక్కు. ఇంజిన్ బ్లాకు అంత పెద్ద పోత దాదాపు ఎప్పుడూ బీడే. రేకుతో నొక్కి చేసిన ఆయిల్ చాంబర్, టైమింగ్ కవర్ అయితే ఉక్కు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. అల్యూమినియం బ్లాకులో సిలిండర్ లైనర్లు బీడువి ఉంటాయి, స్టడ్డులు ఉక్కువి ఉంటాయి. వాటి పక్కన అయస్కాంతం పెట్టి "లాగుతోంది, బీడే" అనేస్తారు. లైనర్‌కీ స్టడ్డుకీ నాలుగు వేళ్ల దూరంలో, కనీసం ఐదారు చోట్ల చూడండి. అన్నిచోట్లా ఒకే బలంతో లాగాలి. అలా లాగితే నేరుగా 7కి వెళ్లండి. లాగకపోతే 4.

4. వెనిగర్ చుక్క

రుద్దిన మెరుపు మీద రెండు చుక్కల వెనిగర్ వేసి ఒక నిమిషం చూడండి. ముందు మీ తెలిసిన ముక్కల మీద వేసి, ఆ తర్వాతే కేసు మీద వేయండి.

మెగ్నీషియమైతే కొన్ని సెకన్లలోనే సన్నని బుడగలు లేచి చుక్క తెల్లగా నురగ కడుతుంది. తుడిచి చూస్తే ఆ చోటు మసకబారి ఉంటుంది. అల్యూమినియం మీద చుక్క నీళ్లలా నిలబడుతుంది. జింకైతే చాలా నెమ్మదిగా అక్కడో బుడగ ఇక్కడో బుడగ రావచ్చు. పాత ఫ్యూయల్ పంపులు, కార్బురేటర్ ముక్కలు కొన్ని జింకువి కాబట్టి చెబుతున్నాను. ఇంజిన్ కేసులో జింకు ఎదురుకాదు.

వెనిగర్ లేకపోతే నిమ్మరసం అదే పని చేస్తుంది. బ్యాటరీ యాసిడ్, బాత్‌రూం కడిగే యాసిడ్ వాడొద్దు. అవి అల్యూమినియాన్నీ తింటాయి, జవాబు తేలదు, కేసూ పాడవుతుంది.

బుడగలు వచ్చినా వెంటనే నిర్ణయానికి రావద్దు. తుడిచి, మళ్లీ రుద్ది, రెండోసారి వేయండి. నీళ్ల దారిలో పట్టిన గార, గోడ సున్నం, సిమెంటు దుమ్ము, సోడాతో కడిగిన మరక ఇవన్నీ వెనిగర్‌కి పొంగుతాయి. అవైతే మొదటిసారితో అయిపోతాయి. మెగ్నీషియం ఎన్నిసార్లు వేసినా పొంగుతుంది.

అలాగే బుడగలు రాలేదని అల్యూమినియం అని తేల్చేయకండి. జిడ్డు పొర మిగిలినా, పెయింటు కింద ప్రైమర్ మిగిలినా చుక్క లోహాన్ని తాకదు. థిన్నర్‌తో మళ్లీ తుడిచి ఇంకోచోట చేయండి.

పని అయ్యాక తినే సోడా నీళ్లతో ఆ చోటు కడిగి, మంచినీళ్లతో తుడిచి, ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క రాయండి.

5. కాస్టిక్ చుక్క

ఇది వెనిగర్‌కి తిరగేసిన పరీక్ష, అందుకే ఇంత ఉపయోగం. కాస్టిక్‌కి అల్యూమినియం పొంగుతుంది, మెగ్నీషియం కదలదు. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో నాల్కో (ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ) వాళ్లు పంచపట్మాలి కొండ బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, తీసేదీ కాస్టిక్ సోడాతోనే. అల్యూమినియం పైనుండే ఆక్సైడ్ పొరని కాస్టిక్ కరిగించేస్తుంది. పొర పోగానే కింది లోహం నీళ్లతో కలిసి బుడగలు వదులుతుంది.

గ్లౌజులు, కళ్లద్దాలు వేసుకోండి. ప్లాస్టిక్ గిన్నెలో ముందు నాలుగు స్పూన్ల నీళ్లు పోసి, అందులో చిటికెడు కాస్టిక్ వేసి కలపండి. కాస్టిక్ మీద నీళ్లు పోయొద్దు, చిమ్ముతుంది. సత్తు గిన్నెలో అసలు కలపొద్దు. గిన్నే పొంగుతుంది. పిల్లల్ని, పశువుల్ని దూరంగా ఉంచండి.

కొత్తగా రుద్దిన మరో చోట ఒక్క చుక్క వేయండి. అర నిమిషం నుంచి నిమిషంలోపు బుడగలు వచ్చి ఆ చోటు నల్లబడితే అల్యూమినియం. ఏమీ కాకపోతే, నాలుగో అంచెలో వెనిగర్‌కి పొంగి ఉంటే, మెగ్నీషియం ఖాయం. తర్వాత నీళ్లు బాగా పోసి కడిగేయండి.

కంట్లో పడితే ఆగకుండా కనీసం పావుగంట నీళ్లతో కడుగుతూనే ఉండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో కాస్టిక్ పెట్టడం ఇష్టం లేకపోతే ఈ అంచె వదిలి ఆరోది జాగ్రత్తగా చేయండి. చాలు.

6. తూకం: గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి

నాకు అన్నిటికంటే నమ్మకం దీనిమీదే. రంగు, పెయింటు, పూత దీన్ని మోసం చేయలేవు.

ముక్కని తాడుతో కాటాకి వేలాడదీసి బరువు రాసుకోండి. తర్వాత అలాగే వేలాడుతుండగా నీళ్లలో పూర్తిగా ముంచండి. అడుగు, పక్కలు తగలకూడదు. లోపల గాలి బుడగలు పోయేలా అటూ ఇటూ తిప్పి, బరువు రాసుకోండి. గాలిలో బరువుని రెండు బరువుల తేడాతో భాగించండి.

ఉదాహరణకి గాలిలో 5.4 కిలోలు, నీళ్లలో 3.4 కిలోలు వచ్చిందనుకోండి. తేడా 2. జవాబు 2.7. అది అల్యూమినియం. అదే 5.4 కిలోల ముక్క నీళ్లలో 2.4 తూగితే తేడా 3, జవాబు 1.8. అది మెగ్నీషియం. బీడుకి 7.2 దగ్గర వస్తుంది. మామూలు పోత జింకు మిశ్రమాలు 6.6 దగ్గర వస్తాయి, అయస్కాంతానికి మాత్రం లాగవు.

అంకె ఖచ్చితంగా రాకపోతే కంగారు పడకండి. ఉక్కు స్టడ్డులు కేసులోనే ఉండిపోతే మెగ్నీషియం 1.9, 2 దాకా చూపొచ్చు. గాలి ఎక్కడైనా చిక్కుకుంటే అంకె తగ్గుతుంది, అంటే అల్యూమినియం మెగ్నీషియంలా కనిపిస్తుంది. కాబట్టి వీలైనంత వరకు స్టడ్డులు విప్పి, ఆయిల్ దారుల ప్లగ్గులు తీసి ముంచండి. జవాబు 2.2, 2.3 దగ్గర ఆగిపోతే మళ్లీ తూచండి, ఏదో ఒకటి తేడాగా ఉంది. పెద్ద కేసు ముంచడం కష్టమైతే, అదే కేసు నుంచి విరిగిన ముక్కో చిన్న కవరో తూచొచ్చు. కవరు తూస్తే తెలిసేది ఆ కవరు లోహం మాత్రమే. అల్యూమినియం కవరు మెగ్నీషియం కేసు మీద కూర్చోవచ్చు.

నీళ్ల నుంచి తీయగానే గుడ్డతో తుడిచి, ఆయిల్ దారుల్లో గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టండి. మెగ్నీషియాన్ని రాత్రంతా నీళ్లలో వదలొద్దు. ఉప్పునీళ్లు అసలు వద్దు.

7. గ్రైండర్ నిప్పురవ్వలు, బీడు అనిపించినవాటికి మాత్రమే

అయస్కాంతానికి లాగిన ముక్క అంచు మీద గ్రైండర్‌ని ఒక్క క్షణం తాకించండి. పొట్టిగా, ఎర్రగా, మసకగా రవ్వలు వస్తే బీడు. పొడుగ్గా, తెల్లగా మెరుస్తూ వస్తే ఉక్కు. డ్రిల్లు వేసినా తెలుస్తుంది. బీడు నల్లటి పొడిలా రాలుతుంది, ఉక్కు చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. అల్యూమినియానికి ఈ పరీక్షతో పనిలేదు, రవ్వలే రావు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

రంగు చూసి చెప్పడం మొదటిది. గోపాలపురం, ఛత్రపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నిలిపిన బండికి అల్యూమినియం మీదా తెల్ల పొడి పడుతుంది, మెగ్నీషియం మీదా పడుతుంది. మెగ్నీషియం కొంచెం బూడిద రంగులో, లోతైన గుంటలతో తింటుంది, నిజమే. కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. తట్టి శబ్దం వినడం కూడా అంతే. కేసు ఆకారాన్ని బట్టి శబ్దం మారుతుంది.

చేత్తో ఎత్తి "తేలిగ్గా ఉంది, మెగ్నీషియమే" అనడం అమ్మేవాళ్లకి బాగా కలిసొస్తుంది. పాత ఇనుప సామాన్ల కొట్లో పక్కపక్కన పెట్టి చూడటానికి అలాంటి ఇంకో కేసు ఉండదు. కొనేముందు వెనిగర్ సీసా జేబులో పెట్టుకుని వెళ్లండి. చుక్క వేయనివ్వకపోతే కొనొద్దు.

చెక్కుని నిప్పులో కాల్చి చూడమని కొందరు చెబుతారు. మెగ్నీషియం తెల్లటి వెలుగుతో మండుతుంది, అది నిజం. ఆ పని మాత్రం చేయకండి. కళ్లకి ప్రమాదం, దగ్గర్లో ఉన్న మిగతా రజను అంటుకుంటుంది. వెనిగర్ చెప్పని కొత్త సంగతి అది ఏమీ చెప్పదు.

ఒకే పరీక్షతో ఆగిపోవడం ఇంకొకటి. కనీసం రెండు ఒకే మాట చెప్పాలి. అల్యూమినియమైతే వెనిగర్‌కి మౌనం, తూకం 2.7 దగ్గర. మెగ్నీషియమైతే వెనిగర్‌కి నురగ, తూకం 1.8 దగ్గర. రెండూ పొసగకపోతే తూకం మళ్లీ చేయండి, తర్వాత వెనిగర్ మరోచోట. అప్పటికీ తేలకపోతే, కేసు ఖరీదైనదైతే, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో మెటల్ టెస్టింగ్ ల్యాబుకి తీసుకెళ్లండి.

మంట వస్తే

మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు. మామూలు కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వద్దు, ఆ వాయువులోనూ మెగ్నీషియం మండుతుంది. 1955లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ కార్ల రేసులో ప్రమాదానికి గురైన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ బాడీ మెగ్నీషియం మిశ్రమంతో చేసింది. దాని మీద నీళ్లు పోస్తే మంట ఇంకా రేగింది. లోహపు మంటలకి వాడే క్లాస్ డి పౌడరు ఉంటే అది చల్లండి. లేకపోతే చిన్న మంటని బాగా ఎండిన ఇసుకతో కప్పి దూరంగా జరగండి. సముద్రం ఒడ్డు ఇసుక, వర్షాకాలంలో షెడ్డు మూల ఉన్న ఇసుక తడిగా ఉంటాయి. ముందే పెనం మీద వేయించి, చల్లార్చి, మూత ఉన్న డబ్బాలో పోసి పెట్టుకోండి. మంట పెద్దదైతే ఆర్పే ప్రయత్నం వద్దు. అందరూ బయటికి వచ్చి ఫైర్ స్టేషన్‌కి ఫోను చేసి, "మెగ్నీషియం" అన్న మాట తప్పకుండా చెప్పండి.

తేలాక మెకానిక్‌కి ఏం చెప్పాలి

బీడైతే: కాస్టిక్ తొట్టిలో కడగొచ్చు, బేరింగులు, అల్యూమినియం ప్లగ్గులు ముందే తీసేస్తే. వెల్డింగ్‌కి నికెల్ రాడ్డు కావాలి. ముందుగా వేడి చేసి, అయ్యాక బూడిదలోనో ఇసుకలోనో కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. నీళ్లు చల్లితే మళ్లీ పగులుతుంది.

అల్యూమినియమైతే: డీజిల్, సబ్బు నీళ్లు. కాస్టిక్ వద్దు. ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. 4043 ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ) ఉందా అని అడగండి, పోత అల్యూమినియానికి ఎక్కువగా వాడేది అదే.

మెగ్నీషియమైతే: యాసిడ్, చింతపండు, నిమ్మకాయ దేనితోనూ తోమించొద్దు. గ్యాస్ వెల్డింగ్ వద్దే వద్దు. ఏసీ కరెంటు మీద ఆర్గాన్ వెల్డింగ్, మెగ్నీషియం ఫిల్లర్‌తో, ఆ పని ముందు చేసినవాళ్ల దగ్గరే చేయించండి. అల్యూమినియం ఫిల్లర్‌తో అతికిస్తే అతుకు పెళుసుగా వచ్చి ఊడుతుంది. దొరక్కపోతే అతికించే ఆలోచన మాని వేరే కేసు వెతకడమే మంచిది. బోల్టు మరలు లాగేసి ఉంటే కేసులో ఉక్కు ఇన్సర్టులు వేయించండి. బోల్టులు చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించమనండి.

ఏది తేలినా, కేసు లోపలి పక్క ఆయిల్‌కి చెరగని చోట లోహం పేరు గీకి రాసి, పరీక్ష చేసిన తేదీ బండి ఫైల్లో రాసిపెట్టండి. తర్వాత ఆ ఇంజిన్ విప్పే మనిషి మీరు కాకపోవచ్చు.